చెమట జాడ

జర్మనీలో వేటగాళ్ళు నెత్తుటిని నెత్తురు అనరు. చెమట అంటారు. భాషలో రక్తానికి మాట లేక కాదు. బ్లూట్ అని శుభ్రమైన మాట ఉంది. ఆసుపత్రిలో, పేపర్లో, ఇంట్లో అందరూ అదే వాడతారు. కానీ అదే రక్తం దెబ్బతిన్న జంతువు ఒంట్లోంచి వచ్చి ఆకు మీదో మంచు మీదో పడితే దాని పేరు ష్వైస్. అంటే చెమట. ఆ జాడ పట్టుకుని పోయే కుక్క ష్వైస్‌హుండ్, చెమటకుక్క. దాన్ని పట్టుకునే పొడుగాటి తోలు పలుపు పేరులోనూ చెమటే ఉంది.

మొదటిసారి విన్నప్పుడు నా జర్మన్ మీద నాకే అనుమానం వచ్చింది. తర్వాత తెలిసింది, వాళ్ళకి వేటభాష అని వేరే ఒకటి ఉందని. అందులో కుందేలు చెవులు చెంచాలు. జింక కళ్ళు దీపాలు. వందల ఏళ్ళుగా వేటగాళ్ళు తమలో తాము మాట్లాడుకోడానికి పోగేసుకున్న మాటలివి. మన పశువుల సంతల్లో బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు చూడండి, అలాంటిదే. పక్కనున్నవాడికి అర్థం కాకపోవడం కూడా ఆ భాష చేసే పనుల్లో ఒకటి.

చెవులూ కళ్ళూ సరే, చెమట మాత్రం నన్ను వదల్లేదు. మా వైపు చెమట అంటే పని. ఎండలో మిరపకాయలు కోసినవాళ్ళ వీపు మీద కనపడేది. నెత్తుటికి ఆ పేరు పెట్టడమంటే చంపడాన్ని కొంచెం ఉతికి ఆరేసుకోవడమేనా? లేక దెబ్బతిన్న జంతువుకీ బతకడం ఒక పని, అది ఆ పనిలో ఉంది అని చెప్పడమా? పోయిన చలికాలం ఒక పెద్దాయనతో, ఒక కుక్కతో మంచులో నడిచినప్పుడల్లా నాలో ఈ ప్రశ్న ఆడుతూనే ఉంది.

*

మాది పర్చూరు. నల్లరేగడి, పత్తి, మిరప, శనగ, బర్లీ పొగాకు. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా. 2022లో ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, నేను అప్పటికే బవేరియా వచ్చేశాను. ఇంగోల్‌ష్టాట్‌లో ఉద్యోగం. అక్కడ అద్దెలు భరించలేక పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరాన, ఐష్‌టెట్ దగ్గర ఒక పల్లెలో మేడ మీద రెండు గదులు తీసుకున్నాను.

ఇక్కడి కొండలన్నీ సున్నపురాయి. పలకలు పలకలుగా ఊడొస్తుంది. పదిహేను కోట్ల ఏళ్ళ కిందట ఇదంతా ఉప్పునీటి మడుగు. రెక్కల బల్లిలాంటి ఆదిమ పక్షి, ఆర్కియోటెరిక్స్, శిలాజాలు దొరికింది ఈ రాళ్ళలోనే. నాకు మాత్రం ఇంకో శిలాజం ఇష్టం. ఐష్‌టెట్ పక్కన వింటర్స్‌హోఫ్ క్వారీలో 2002లో బయటపడింది. ఒక గుర్రపునాడా పీత, ప్రాణం పోయే ముందు ఊపిరాడని బురదలో నడిచిన నడక. 9.7 మీటర్లు. కాళ్ళ గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత, తడబడిన చోట తడబాటు, చివర్న అదే పీత. జాడ, జాడ చివర ప్రాణి, రెండూ ఒకే రాయిలో దొరకడం చాలా అరుదు. ఇప్పుడది అమెరికాలో, వ్యోమింగ్‌లోని ఒక మ్యూజియంలో ఉంది. ఫోటోలో చూసినప్పుడల్లా వేలితో మొదటినుంచి చివరిదాకా దిద్దాలనిపిస్తుంది.

మా ఇంటి ఓనరు వడ్రంగం చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. ఆయన దగ్గర హెర్టా అని ఆరేళ్ళ ఆడకుక్క ఉంది. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, మసి పూసినట్టు నల్లటి మూతి, వేలాడే చెవులు. బవేరియన్ కొండకుక్క జాతి. వెనకటికి ఈ పనికి హనోవర్ జాతి కుక్కలుండేవి. బరువైనవి, నిదానమైనవి. మైదానాల్లో బాగా పనిచేసినా ఆల్ప్స్ కొండల్లో ఎక్కీ దిగీ అలిసిపోయేవి. వాటిని తేలికపాటి కొండజాతి వేటకుక్కలతో కలిపి దీన్ని తయారుచేశారు. మ్యూనిక్‌లో ఈ జాతి పేరిట 1912లో పెట్టిన క్లబ్బు ఇప్పటికీ నడుస్తోంది.

హెర్టా వేటాడదు. అంటే, మనం వేట అనుకునే పని చేయదు. ఉరికి, తరిమి, పట్టుకునే కుక్కలు వేరే ఉన్నాయి. తుపాకి పేలినాక, గురి తప్పో సగం తగిలో జంతువు అడవిలోకి పారిపోయినాక, మిగతా అందరి పనీ అయిపోయినాక దీని పని మొదలవుతుంది. ఆ పనికి నాఖ్‌జూహె అని పేరు. ‘తర్వాతి వెతుకులాట’ అనొచ్చు. జర్మన్ వేట చట్టంలో 22ఎ అని ఒక సెక్షనుంది. తీవ్రంగా గాయపడిన జంతువుని తప్పించగలిగిన నొప్పికీ బాధకీ వదిలేయకూడదు, వెంటనే దాని బాధ ముగించాలి అని దాని సారాంశం. కొట్టడానికి లైసెన్సున్నవాడికి, కొట్టినదాన్ని వెతకడం బాధ్యత. వాడి చేతకాకపోతే మా పెద్దాయనలాంటివాళ్ళకి ఫోన్ చేస్తాడు. ఆయన డబ్బు తీసుకోడు. పెట్రోలు ఖర్చు ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు.

“తుపాకి సరిగ్గా పట్టడం వచ్చినవాళ్ళే వేటకొస్తే నా కుక్కకి పనుండదు. పనిలేక అది లావెక్కి చస్తే నాకు సంతోషం,” అన్నాడు ఒకసారి. నవ్వుతూ అన్లేదు.

*

జనవరిలో ఒక సాయంత్రం, ఐదు దాటి చీకటి పడ్డాక, బి13 రోడ్డు మీద ఒక కారు జింకని గుద్దింది. ఇక్కడి చిన్న జింక, రే అంటారు. ఇరవై, ఇరవై ఐదు కిలోలుంటుంది, మన కొండగొర్రె అంత. జర్మనీలో ఏడాదికి రెండు లక్షల పైగా ఇలా జంతువులు వాహనాల కింద పడుతుంటాయి కాబట్టి దీనికీ ఒక పద్ధతుంది. డ్రైవరు పోలీసులకి చెప్పాలి. పోలీసులు ఆ అడవిలో వేటహక్కు కౌలుకి తీసుకున్నవాళ్ళకి చెబుతారు. జంతువు అక్కడే చచ్చిపడి ఉంటే తీసేస్తారు, పారిపోతే కుక్కని పిలుస్తారు. డ్రైవరుకి ఇన్సూరెన్సు కోసం సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ పది నిమిషాల్లో వచ్చింది. జింక మాత్రం వెనక కాలు ఈడ్చుకుంటూ చీకట్లోకి పోయింది.

పెద్దాయన ఆ రాత్రి వెళ్ళలేదు. నాకది రాతిగుండె అనిపించింది. అడిగితే చెప్పాడు. గాయపడ్డ జంతువు వెంటనే దూరం పోదు. ఎవరూ తరమకపోతే మూడు నాలుగు వందల మీటర్లలో పడుకుంటుంది. అప్పుడే వెంటపడితే భయంతో, ఉన్న శక్తంతా పెట్టి కిలోమీటర్ల కొద్దీ పోతుంది. ఇక ఎవరికీ దొరకదు. పైగా చీకట్లో తుపాకి పట్టుకుని అడవిలో తిరగడం మనుషులకి ప్రమాదం. “తొందర మనకి. దానికి కావాల్సింది మనం దూరంగా ఉండటం.”

తెల్లారి ఎనిమిదికి బయల్దేరాం. మైనస్ ఎనిమిది. రాత్రి ఇంకో నాలుగు వేళ్ళ మందాన మంచు పడింది. మంచులో కుక్క ఎందుకు, ఎర్ర చుక్కలు కళ్ళకే కనపడతాయిగా అనుకున్నాను. చుక్కలన్నీ కొత్త మంచు కింద ఉన్నాయి. పైన ఉన్నవల్లా కుందేళ్ళవీ, నక్కలవీ, వేరే జింకలవీ అడుగులు, ఒకదాని మీద ఒకటి. చూసేవాడికి అదంతా గీకిపారేసిన కాగితం.

ఆయన ముందు రోడ్డు దగ్గర వంగున్నాడు. దెబ్బ తగిలిన చోటు ఎక్కడ అన్నది మొదటి ప్రశ్న. తుపాకి దెబ్బయినా, కారు దెబ్బయినా అక్కడ దొరికే వెంట్రుకలు, ఎముక ముక్క, రక్తం ఒంట్లో ఎక్కడ తగిలిందో చెబుతాయి. లేతగా, నురగతో ఉంటే ఊపిరితిత్తులు. ముదురు గోధుమ ఎరుపైతే కాలేయం. ఆకుపచ్చ నలుసులు కలిసుంటే కడుపు, అంటే చాలాసేపు ఆగాలి. పల్చగా నీళ్ళలా ఉంటే కండ. మంచు తోసి చూసి, “కాలు. కడుపు కాదు,” అన్నాడు. తర్వాత హెర్టా మామూలు పట్టీ తీసేసి వెడల్పాటి తోలు పట్టెడ కట్టాడు. పది మీటర్ల పైన ఉన్న పలుపు విప్పాడు. ఆ పట్టెడ మెడకి పడగానే కుక్క మారిపోయింది. ఇంట్లో నా చెప్పులు ఎత్తుకుపోయే కుక్క కాదది. తల కిందికి దించింది, తోక నిలకడగా పెట్టింది, నడక మొదలెట్టింది. పరుగు లేదు. అరుపు లేదు. సంతకి పోయే ముసలమ్మ నడక.

మనిషి ముక్కులో వాసన పసిగట్టే కణాలు యాభై అరవై లక్షలుంటాయట. కుక్క ముక్కులో ఇరవై కోట్ల పైన. అదొక్కటే కాదు. హెర్టా పట్టుకుంటున్నది రక్తం వాసన మాత్రమే కాదని ఆయన నడుస్తూ చెప్పాడు. జింక గిట్టల మధ్య గ్రంథి ఉంటుంది. ప్రతి అడుక్కీ దాని సంతకం నేల మీద పడుతుంది. గాయపడ్డ జంతువు ఒంటి వాసనే మారుతుంది. నలిగిన గడ్డి, తెగిన నాచు, కదిలిన మట్టి, వీటన్నిటికీ వాసనుంది. గడ్డకట్టే పొడిచలిలో అవి అణిగిపోతాయి, కాస్త తేమ ఉంటే లేస్తాయి. ఆ ఉదయం అణిగే ఉన్నాయి. అందుకే అంత నిదానం.

ఈ నిదానం నేర్పడానికి రెండేళ్ళు పట్టిందట. కుక్కపిల్లగా ఉన్నప్పుడు జింక గిట్టలు బిగించిన ప్రత్యేకమైన చెప్పులు తొడుక్కుని ఆయనే అడవిలో నడిచి జాడ వేసేవాడు, చుక్క చుక్క రక్తం చిలకరిస్తూ. ముందు వంద మీటర్లు, గంట పాతది. తర్వాత పొడుగు పెంచి, మలుపులు పెట్టి, ఒక రాత్రి ఆగి. జర్మనీలో ఇందుకు పెట్టే ఒక పరీక్షలో జాడ కనీసం కిలోమీటరుండాలి, మొత్తం మీద పావు లీటరు రక్తమే వాడాలి, వేసి ఇరవై గంటలు దాటాలి. కుక్కకి నేర్పాల్సింది వాసన పట్టడం కాదు, అది దానికి పుట్టుకతోనే వచ్చు అంటాడాయన. నేర్పాల్సింది మిగతా వాసనలన్నిటినీ వదులుకోవడం. దారిలో బలిసిన జింక ఎదురైనా, కుందేలు కాళ్ళ కిందనుంచి లేచినా, నీది ఆ ఒక్కటే. దెబ్బతిన్నదే.

పిల్లవాగు దగ్గర జాడ పోయింది. హెర్టా అటూ ఇటూ తిరిగి ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఏమీ అన్లేదు. మా వెనక కొమ్మలకి కట్టుకుంటూ వచ్చిన కాగితం పీలికల్లో చివరిదాని దగ్గరికి, అంటే కచ్చితంగా రక్తం చూసిన చివరి చోటుకి, కుక్కని వెనక్కి తీసుకెళ్ళాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ వాగు. మళ్ళీ వెనక్కి. మూడోసారి అది నీళ్ళకి అడ్డంగా కాకుండా వాగు వెంట కిందికి లాగింది. నలభై అడుగుల అవతల గట్టెక్కింది. అక్కడ మంచు మీద కాదు, వంగిన గడ్డిపోచ అడుగున, గోరంత చుక్క. హెర్టా ఆగి దాని మీద ముక్కు పెట్టి చూపించింది. ఇదుగో. ఆయన చూసి, వీపు తట్టి, పద అన్నాడు.

ఆ తర్వాత దాని పడక కనపడింది. జింక రాత్రి పడుకున్న చోట ఒంటి వేడికి మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, పళ్ళెంలా గుంట. గుంటలో బూడిదరంగు వెంట్రుకలు, ఒక పక్కన నల్లబడిన మరక. అక్కడ నుంచోలేకపోయాను. వేటభాషలో దాని పేరు గాయపుపడక. ఈ ఒక్క మాటని మాత్రం వాళ్ళు ఉతకలేదు.

మూడు గంటలు, రెండు కిలోమీటర్ల పైన. ముళ్ళపొద కింద ఉంది. బతికే ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి ముందుకాళ్ళ మీద సగం లేచింది. పెద్దాయన కుక్కని నాకు పట్టుకోమని పలుపు అందించి, ఇంకో పక్కకి నడిచి, ఒక్కసారి పేల్చాడు. తర్వాత టోపీ తీశాడు. ఫర్ చెట్టు రెమ్మ తుంచి జింక నోట్లో పెట్టాడు. దాన్ని కడపటి ముద్ద అంటారట. మనవాళ్ళు పోయినవాళ్ళ నోట్లో బియ్యం వేస్తారు గుర్తొచ్చింది. ఇంకో రెమ్మ హెర్టా పట్టెడకి గుచ్చాడు.

“మాంసం?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“కారు గుద్దిన జంతువు. అమ్మకూడదు. పూడ్చిపెడతాం.”

మూడు గంటలు. మైనస్ ఎనిమిది. తినడానికి కాదు, తలకాయ గోడకి తగిలించుకోడానికి కాదు.

*

జాడ పట్టే కుక్కని నేను ఇంతకుముందు చూశాను. పర్చూరులో, పదేళ్ళ వయసులో. ఈ మాట పెద్దాయనకి చెప్పడానికి నా జర్మన్ సరిపోలేదు. మాటలు దొరికాయి గానీ యానాది అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ట్రైబ్ అంటే ఆయనకి ఈకల టోపీలు గుర్తొస్తాయి.

వరి కోసినాక యానాదులు మా చేలకొచ్చేవాళ్ళు, ఎలకలు పట్టడానికి. గడ్డి కుక్కి నిప్పుపెట్టిన కుండని కలుగుకి ఆనించి, కుండకున్న బెజ్జంలోంచి ఊదితే పొగ లోపలికి పోయేది. ఎలక ఇంకో కన్నంలోంచి బయటపడేది. రైతుకి ఎలకలు పోయేవి, వాళ్ళకి ఎలకలూ, ఎలకలు దాచిన ధాన్యమూ దక్కేవి. వాళ్ళలో ఒక ముసలాయన. మేం పిల్లలం యానాది తాత అనేవాళ్ళం. ఆయన వెంట ఒక గోధుమరంగు కుక్క. చూస్తే ఊరకుక్క. ఏ కలుగులో ఎలకుందో, ఏది ఖాళీయో ముందది చెప్పేది, తర్వాతే ఆయన కుండ దించేవాడు.

సంక్రాంతి సెలవుల్లో మా పెదనాన్న కొడుకులు పత్తిచేలో ఒక చెవులపిల్లిని కర్రతో కొట్టారు. దెబ్బ తగిలింది, దొరకలేదు. వాళ్ళు ఇంటికొచ్చి అన్నాలు తిన్నారు. మా నాయనమ్మకి తెలిసింది. ఆమె తిట్టలేదు, కబురంపింది. ఆయనొచ్చి వేపచెట్టు కింద నుంచున్నాడు.

“ఏరా, చెవులపిల్లిని కొట్టి వదిలేశారంట. చేలో పడి కొట్టుకుంటా ఉంటది. చూసి రా.”

“ఎక్కడ కొట్టారమ్మా? ఆ చోటు చూపిస్తే చాలు.”

మొదటి ప్రశ్న అదే. నేను చూపిస్తానని వెంటపడ్డాను. ఆయన గొంతుక్కూర్చుని పత్తిమొక్కల మొదళ్ళలో చాలాసేపు చూశాడు. కుక్కని అక్కడికి పిలిచాడు, మెడకి గోనె తాడు. అది మట్టి వాసన చూసి సాలు వెంట కదిలింది. నాలుగు సాళ్ళ అవతల, విచ్చిన పత్తికాయ మీద ఎర్రటి చుక్క ఒకటి. కుక్క ఆగింది. ఆయన చూసి పద అన్నాడు. మొన్న జనవరిలో గడ్డిపోచ కింద చుక్క చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పత్తికాయే.

వాగు గట్టున తుమ్మచెట్టు కింద దొరికింది. నడుము పడిపోయింది, కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన చెవులు పట్టి ఎత్తి, ఒక్క దెబ్బ. అంతే. నా మొహం చూసి కాబోలు అన్నాడు, “రేత్రికి వదిలితే నక్కొస్తది బాబా. నక్క చంపి తినదు. తింటా చంపుద్ది.”

చెవులపిల్లి ఆయనకే. దానికి తోడు ఒక గిద్దెడు కారం, రెండు ఉల్లిపాయలు. నాయనమ్మ కంటే ఆయన కనీసం పదేళ్ళు పెద్ద. ఆమె ఏరా అంది, ఆయన అమ్మా అన్నాడు. అప్పుడు అది నాకు వినపడలేదు. వినపడటానికి చాలా ఏళ్ళు పట్టింది.

*

సంస్కృతంలో మృగ ధాతువుకి అర్థం వెతకడం. మృగం అంటే వెతకబడేది. మృగయ అంటే వెతకడమే. మన పురాణాల్లో రాజులు మాత్రం వెతికినట్టు తక్కువ కనపడతారు. కొట్టడం వరకే వాళ్ళ పని. పాండురాజు జింకల జంటని కొట్టాడు, ఆ జింక మునిగా మాట్లాడి శపించింది కాబట్టి కథ ముందుకెళ్ళింది. మాట్లాడకపోతే ఆయన ఇంకో జింక వెనక పోయేవాడు. నాకు నచ్చే వేటగాడు భారతం చివర్లో వచ్చే జర. పొదలో జింక ఉందనుకుని బాణం వేశాడు, తగిలినదాన్ని తీసుకోడానికి దగ్గరికెళ్ళాడు. అక్కడ ఉన్నది కృష్ణుడు. కొట్టి ఊరుకోకుండా వెళ్ళి చూశాడు కాబట్టే ఏం చేశాడో తెలుసుకున్నాడు. రాజుల వేటకి కావ్యాల్లో ఆశ్వాసాల కొద్దీ వర్ణనలున్నాయి. జర చేసిన పనికి, తన దెబ్బ దగ్గరికి తానే నడిచి వెళ్ళడానికి, మన దగ్గర మాట కూడా లేదు. జర్మన్‌లో ఉంది.

ఉన్న మాటతోపాటు చట్టం, పరీక్ష, పట్టెడ, గౌరవం కూడా ఉన్నాయి. మా పెద్దాయన ఊళ్ళో నడుస్తుంటే తుపాకులున్న ధనవంతులు ముందుగా పలకరిస్తారు. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. తేదీ, జంతువు, దెబ్బతిన్నాక ఎన్ని గంటలకి, ఎన్ని మీటర్లు, కుక్క పేరు, ఫలితం. దొరకనివి కూడా రాస్తాడు. ఆ రోజుది నా ముందే రాశాడు.

మన వైపు కథ వేరు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. ఉండాలి కూడా. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక ఇప్పుడు రోళ్ళపాడు గడ్డిమైదానాల్లో మందలుగా కనపడుతుందంటే అందులో ఆ చట్టం పాలు ఉంది. బాగుపడనంతగా గాయపడిన జంతువు బాధ ముగించడానికి అనుమతివ్వడం కూడా అందులో ఉంది, కానీ అధికారుల చేతుల్లో. అది న్యాయమే. అయితే ఆ చట్టం వచ్చాక యానాది తాత చేసిన పని కూడా నేరాల్లోకే చేరింది. తరతరాల జాడతీసే విద్యకి ఎలకలు మాత్రం మిగిలాయి. పక్క రాష్ట్రంలో ఇరుళవాళ్ళ విషయంలో కాస్త వేరేలా జరిగింది. పాముచర్మాల వ్యాపారం ఆగిపోయాక 1978లో వాళ్ళ పేరిట సహకార సంఘం వచ్చింది. పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. విషానికి విరుగుడు మందు తయారీకి ఆ విషమే ఆధారం. 2017లో వాళ్ళలో ఇద్దరు, మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్, కొండచిలవల్ని వెతకడానికి ఫ్లోరిడా వెళ్ళారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. విద్య అదే. అడిగినవాళ్ళు మారారు, అడిగే తీరు మారింది.

ఇదంతా చెప్పి జర్మన్లు గొప్ప, మనం కాదు అనడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ ఏటా పది లక్షల పైన జింకల్ని సరదాకో లెక్క కోసమో కాలుస్తారు. గాయాలు చేసేదీ వాళ్ళే, ఆ గాయాల వెంట పోయే కుక్కని గౌరవించేదీ వాళ్ళే. నక్క గురించి యానాది తాతకున్న స్పష్టత 22ఎ సెక్షన్‌కి లేదు. ఆయనకి ఆకలీ జాలీ వేర్వేరు పనులు కావు, ఒకే నడకలో రెండూ తీరేవి. మా పెద్దాయనది ఆకలి లేని జాలి. ఏది ఎక్కువ శుభ్రమైనదో నేను చెప్పలేను. చెమట అన్న మాటకి మాత్రం ఒక అర్థం దొరికింది. ఆ చుక్క జంతువు చేసిన పనికి గుర్తు కావచ్చు. దాని వెనక నడిచేవాడు కూడా అంత పనీ చెయ్యాలి.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్లో చెప్పాను. మిరపకాయలు కల్లంలో ఉన్నాయి, మబ్బు పట్టింది, ఆయన ధ్యాసంతా అటే.

“మరి తినకపోతే మూడు గంటలు తిరగటం ఎందుకురా?”

“వదిలేయకూడదని నాన్నా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. కల్లంలో ఎవరినో పట్టాలు కప్పమని కేకేశాడు. తర్వాత, “మీ నాయనమ్మ అట్టాగే అనేది,” అన్నాడు.

యానాది తాత ఏమయ్యాడని అడిగాను. నేను ఇంజనీరింగ్‌లో ఉండగానే పోయాడట. మనవళ్ళు చీరాల వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటున్నారట.

“ఆయన పేరేంటి నాన్నా?”

కొంచెం ఆలోచించి చెప్పాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి విన్నాను. పెద్దాయన నోటుపుస్తకంలోని గడులు గుర్తొచ్చి, ఇంకోటి కూడా అడిగాను.

“ఆ కుక్క పేరు?”

“దానికి పేరేందిరా,” అన్నాడు నాన్న. “దా అంటే వచ్చేది.”